చెయ్యి తిరగని సరుకు

మతిమరుపట. మాణిక్యానికి మతిమరుపట! ఇంగ్లీషులో టైపు కొట్టించిన కాగితం ఒళ్ళో పెట్టుకుని, మీటింగు గది బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఆ ఒక్క మాట మీద బొటనవేలు పెట్టి నల్లిని నలిపినట్టు నలుపుతున్నాడు మాణిక్యం. మాట నలగడం లేదు. వయసు మీద పడడం వల్ల వచ్చిన మతిమరుపు చేత ఆ రోజు నేను పిరిడిన్ అనే రసాయనం కలపడం మరిచిపోయాను, మరిచిపోయి కూడా కలిపినట్టు టిక్కు పెట్టాను, ఇందులో ఇంకెవరి ప్రమేయమూ లేదు. ఇంగ్లీషు మర్యాదలన్నీ ఒలిచేస్తే అందులో మిగిలే గింజ అది. కింద చుక్కల గీత. గీత కింద అతని పేరు. ఆ గీత మీద సంతకం పడితే మార్చిలో రిటైరయ్యేదాకా స్టోర్సులో సీసాలకి చీటీలు అంటించుకుంటూ కాలక్షేపం చెయ్యొచ్చు. పడకపోతే ఈ పూటే గేటు బయట. పదకొండున్నరకి పిలుస్తామన్నారు. గోడగడియారం పదిన్నర చూపిస్తోంది. గంటలో ఒక మనిషి తన బుర్ర పుచ్చిపోయిందని తనే రాసివ్వాలన్నమాట. ఏం మరిచిపోయాడయ్యా తను? ఇరవై ఆరేళ్ళ కిందట ఈ ఫరీదాబాద్ లాబ్‌లో చేరిన రోజు గేటు దగ్గర కుక్క ఏ కాలు ఎత్తిందో చెప్పమంటే చెబుతాడు. ఈ క్లోరైడు బ్యాచ్‌లు నలభై పైనే చేశాడు, ఏ బ్యాచ్‌లో ఎన్నో నిమిషానికి వేడి ఎక్కిందో, ఏ రోజు ఐసు చాలక క్యాంటీన్ ఫ్రిజ్‌లోంచి ఎత్తుకొచ్చాడో, ఏ రోజు కరెంటు పోతే చేత్తో ఎంతసేపు తిప్పాడో అన్నీ చెబుతాడు. తను పుట్టినప్పుడు మంత్రసాని చేతికున్న గాజుల రంగు కూడా గుర్తుందని భార్య తాయారమ్మతో పందెం కాశాడు ఒకసారి. ఆకుపచ్చ. కాదని తేల్చే మొనగాడు ఎవడున్నాడు? అలాంటివాడికి మతిమరుపు!

ఆ కాగితం ఇచ్చిన చోటు తలుచుకుంటే ఇంకా మంట. డాక్టర్ సదాశివరావు, వాళ్ళ విభాగానికి పెద్ద, తెనాలి మనిషి, తొమ్మిదేళ్ళుగా "మాణిక్యం, ఇటు రా" అన్నవాడు, నిన్న పొద్దున "మాణిక్యం గారూ" అన్నాడు. ఆ గారు వినగానే అనుమానించాల్సింది. మేకకి బొట్టు పెట్టేది ముద్దొచ్చి కాదు. "పదండి మాణిక్యం గారూ, అశోకా రోడ్డులో మన భోజనం చేసి ఎన్నాళ్ళయిందో" అని కార్లో పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు, ఏసీ గాలి మొహానికి తగిలేట్టు తనే తిప్పాడు. ఆ తెలుగు భోజనాల క్యాంటీన్లో జనం, గోడవారగా నిలబడి కూర్చున్నవాళ్ళ కంచాల్లోకి చూసే జనం, ఎవడు మజ్జిగలోకి వచ్చాడా, ఎవడు లేస్తాడా అని. వీళ్ళకి చోటు దొరికింది. సదాశివరావు పప్పు మీద నెయ్యి తన చేత్తో వేశాడు. గోంగూర జరిపాడు. "మనం మనం తెలుగువాళ్ళం, ఈ ఊళ్ళో ఒకరికొకరం కాకపోతే ఎవరున్నారండీ" అన్నాడు. సాంబారన్నంలో ఉండగా పిల్లల చదువులు అడిగాడు, పిల్లలు లేరని తెలిసీ. మజ్జిగలోకి వచ్చాక జేబులోంచి కాగితం తీశాడు. వెనకాల నిలబడ్డవాడు కంచం వంక చూస్తున్నాడు, ముందున్నవాడు సంతకం వంక చూస్తున్నాడు, మధ్యలో మాణిక్యం నోట్లో అప్పడం ముక్క. నమిలితే చప్పుడవుతుందని నమల్లేదు. ఎందుకు నమల్లేదు? అప్పుడే ఆ అప్పడం పటపటా నమిలి, ఆ మజ్జిగ ఆ చొక్కా మీద... లేదు, మాణిక్యం చేతులు కడుక్కుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "చూస్తానండీ" అన్నాడు. చూస్తానండీ! సిగ్గు లేకపోతే సరి. ఇల్లు చేరాక ఆ అప్పడం మెత్తబడి ఇంకా దవడలోనే ఉంది.

కిటికీ అవతల నవంబరు పొగ. రోడ్డుకి ఆ వైపు ఇరవైరెండేసి అంతస్తుల అపార్టుమెంట్లు మూడు, పొగలో సగం తుడిచేసిన పలక మీది బొమ్మల్లా ఉన్నాయి. అసలు పీడ అక్కడే పుట్టింది. ఈ లాబ్ వచ్చినప్పుడు అక్కడ ఆవాల చేలు. తర్వాత వచ్చినవాళ్ళు బాల్కనీలు కట్టుకున్నారు, బాల్కనీలో కాఫీ తాగడం మొదలెట్టారు, కాఫీలోకి వాసన వస్తోందన్నారు. పిరిడిన్ వాసనే, కాదనడు. ఎండుచేపలు తడిసి మళ్ళీ ఎండినట్టుంటుంది. ఎండుచేపలైతే ఏం? నిజాంపట్నం పక్కన పుట్టినవాడు మాణిక్యం, వాళ్ళ ఊళ్ళో పిల్లాడు ఏడిస్తే ఉగ్గుగిన్నె కాదు, ఎండు సావడాయి చేప ముక్క చూపించేవాళ్ళు. వాళ్ళ మేనత్త వండిన ఎండురొయ్యల కూర వాసనకి సముద్రంలో పోతున్న ఓడ ఒకటి దారి మళ్ళి ఒడ్డుకొచ్చిందని ఆ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. పిరిడిన్ వాసనకి ముక్కు మూసుకుని, ఆగస్టులో ఒకనాడు, మాస్కులు తగిలించుకుని, అట్టముక్కల మీద రాసుకుని, అపార్టుమెంట్లవాళ్ళు పాతికమంది గేటు ముందు నిలబడ్డారు. మధ్యాహ్నం కాలుష్యం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురు. సదాశివరావు చెమటలు కక్కుకుంటూ గాలిగూడు దగ్గరికి వచ్చాడు, ఆ విషవాయువులు పీల్చే గాజు బీరువాని మాణిక్యం గాలిగూడు అనే అంటాడు, వచ్చి, "ఇవాళ్టికి పిరిడిన్ లేకుండా కానిచ్చెయ్" అన్నాడు. పదకొండూ ఇరవై అయింది అప్పుడు. మరిచిపోయినవాడికి పదకొండూ ఇరవై ఎలా గుర్తుంటుందిరా?

చేసే పని చెప్పుకుంటే చిన్నదే. ఒక ఆల్కహాల్ వస్తుంది, తాగేది కాదు, తాగితే నేరుగా కాటికే. దాని ఒక మూల ఆక్సిజనూ హైడ్రోజనూ జంటగా కాపురముంటాయి. ఆ జంటని ఖాళీ చేయించి అక్కడ క్లోరిన్‌ని దింపాలి. అంతే. కానీ ఆ మూలకి కుడి ఎడమలున్నాయి. కుడికాలి చెప్పూ ఎడమకాలి చెప్పూ ఉన్నట్టు. తోలు అదే, కుట్టు అదే, బరువూ అదే, రెండో కాలికి మాత్రం పట్టదు. మునిర్కాలో గదులు ఇప్పించే బ్రోకరు లేడూ, అలాంటి బ్రోకరు ఇక్కడ థయొనైల్ క్లోరైడు. వాడే పాతవాళ్ళని రెక్క పట్టుకుని గుమ్మందాకా లాక్కొస్తాడు, వాడి సంచీలోనే క్లోరిన్ ఉంటుంది. వాడి మానాన వాణ్ణి వదిలేస్తే, పాతవాళ్ళు వెళ్ళిన గుమ్మంలోంచే కొత్తవాణ్ణి లోపలికి తోసేస్తాడు. ఇల్లు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. కుడి ఎడమలు మారవు, లాబ్ మాటలో చెయ్యి తిరగదు. పిరిడిన్ పక్కనుంటే ఆ ఆట సాగదు. క్లోరిన్, బ్రోకరు సంచీ విడిచి, దొడ్డివైపుకి పోతుంది, దొడ్డిగుమ్మంలోంచి వచ్చి ఒక్క తోపు తోస్తుంది, పాతవాళ్ళు వీధిలో పడతారు, ఆ ఊపుకి ఇల్లు ఇల్లంతా గాలివానలో గొడుగులా ఇటుది అటు తిరగబడుతుంది. కొనేవాళ్ళకి కావలసింది ఆ తిరగబడ్డ చెయ్యే. దాని మీదే వాళ్ళ మందు కట్టాలి. కాలేజీలో చదివొచ్చినవాళ్ళు ఇదంతా బోర్డు మీద బాణాలతో గీస్తారు. మాణిక్యం ఎనిమిదో తరగతి. అతనికి బాణాలు తెలియవు, గొడుగు తెలుసు.

గొడుగంటే శ్రీరాములు మాస్టారిది. ఊళ్ళో అంత గొడుగు మళ్ళీ చూడలేదు, దాని కింద మొత్తం మూడో తరగతి పట్టేది, వెనక బెంచీ వాళ్ళు మాత్రం కొంచెం తడిసేవాళ్ళు. ఒక గాలివానలో ఆ గొడుగు ఫట్టున తిరగబడి, పట్టుకున్న మాస్టారిని తాటిచెట్ల మీదుగా ఎత్తుకుపోయి పక్కూరి బడి ముందు దింపిందని, ఆయన అక్కడే హాజరు పిలిచి పాఠం మొదలెట్టేశాడని మాణిక్యం ఈ లాబ్‌లో వందసార్లు చెప్పాడు. సగం మంది నవ్వారు, సగం మంది నమ్మారు. ఆ మాస్టారంటే కోపం మాత్రం కోత కాదు. మాణిక్యానిది పుర్రచెయ్యి. పలక ఇస్తే బలపం ఎడమచేతిలోకే వెళ్ళేది, వెళ్ళి కుడి నుంచి ఎడమకి రాసేది, అక్షరాలన్నీ తలకట్టుతో సహా అటు తిరిగి కూర్చునేవి. తప్పు రాస్తున్నానని అతనికి తెలియదు, చేతికి ఎటు సుఖమైతే అటు పోతోంది. శ్రీరాములు మాస్టారు ఆ చేతిని కొబ్బరిపీచు తాడుతో బెంచీకి కట్టాడు. "ఏ చేత్తో కడుక్కుంటావురా, ఆ చేత్తో అక్షరం ముట్టుకుంటావా?" రెండేళ్ళు కట్టాడు. మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది, ఇదిగో, కాగితం పట్టుకున్న చేతి మీదే. కుడిచెయ్యి రాత నేర్చుకుంది, భయంతో నేర్చుకుంది, ఇప్పటికీ అది ఏం రాసినా భయపడుతూనే రాస్తుంది, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడుతుంది. ఎడమది మాత్రం మాట వినలేదు. ఊళ్ళో క్షౌరశాలలో, అద్దానికి ఎదురుగోడ మీద, బొగ్గుతో, తిరగరాతలో, "శ్రీరాములు మాస్టారు దున్నపోతు" అని రాసింది. వారం రోజులు ఎవరికీ అర్థం కాలేదు, ఉర్దూ అన్నారు, మంత్రమన్నారు, ఒకామె పసుపు కూడా జల్లింది. ఆదివారం మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చి, సబ్బు నురగతో తలెత్తి అద్దంలోకి చూశాడు. అద్దంలో వెనకగోడ. గోడ మీద గుండ్రంగా, తప్పు లేకుండా, ఆయన పేరు, ఆయన పేరు పక్కన ఆ జంతువు. సగం గీసిన గడ్డంతోనే బడికి వచ్చి మాణిక్యం కుడిచేతి మీద ముప్ఫై దెబ్బలు కొట్టాడు. ఎడమది రాత ఎప్పుడో మానేసిందని, రాసింది కుడిచెయ్యే అనుకున్నాడు పాపం. ఎడమ చెయ్యి వీపు వెనక దాక్కుని నవ్వుకుంది.

కుడిచెయ్యి. దీని బతుకంతా దెబ్బలే. టిక్కులు పెట్టిందీ ఇదే. అక్కడ దొరికిపోయాడు మాణిక్యం, అక్కడ కోపం సదాశివరావు మీద నుంచి జారి వచ్చి తన నెత్తిన పడుతుంది. ప్రతి బ్యాచ్‌కి అచ్చేసిన పేజీ ఒకటుంటుంది, పద్దెనిమిది పనులు వరసగా, ఒక్కోదాని పక్కన ఒక గడి. పని అయ్యాక గడిలో టిక్కు పెట్టాలి. అది రూలు. ఆచారం వేరు. పొద్దున్నే టీ తాగుతూ, బల్ల దగ్గర కూర్చుని, పద్దెనిమిది గడుల్లోనూ పద్దెనిమిది టిక్కులు పెట్టేసి, అప్పుడు చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని పనికి లేస్తారు. ఒక్క మాణిక్యమే కాదు, హాలు హాలంతా అంతే. తొడుగులతో పెన్ను పట్టుబడదు, ఆమ్లం చుక్క పడితే పేజీ చిల్లు, పైగా నలభైసార్లు చేసినదే చేస్తుంటే ఏం తేడా వస్తుందని ధీమా. ఆ రోజూ అంతే. తొమ్మిదింటికే ఏడో గడిలో, పిరిడిన్ గడిలో, టిక్కు కూర్చుంది. పదకొండూ ఇరవైకి పిరిడిన్ వద్దన్నారు. టిక్కుని ఎవరు లేపుతారు? దాన్ని కొట్టెయ్యాలని ఆలోచనే రాలేదు, వచ్చింది కోపం ఒక్కటే. ఇప్పుడు పుస్తకం వేశారంటోంది, సరుకు వెయ్యలేదంటోంది. సరుకు అబద్ధమాడదు. వెలుగుని ఎడమకి తిప్పి మైనస్ ముప్ఫై ఒక్క డిగ్రీలు చూపించాల్సిన సరుకు, కొనేవాళ్ళ దగ్గర గొట్టంలో పోసి పసుపు దీపం ముందు పెడితే కుడికి తిప్పి ప్లస్ ఇరవై ఏడు చూపించింది. తొమ్మిది కిలోలు, దాని మీద వాళ్ళు కట్టుకున్న రెండు నెలల పని, మొత్తం కుడికాలికి ఎడమ చెప్పు. ఆగస్టులో ఇక్కడ ఎవడూ ఆ గొట్టం ముట్టుకోలేదు. బరువు చూశారు, శుభ్రం చూశారు, తొంభై నాలుగు శాతం దిగుబడి అని సదాశివరావు లడ్డూలు పంచాడు. నేతి లడ్డూలు! మాణిక్యం కూడా తిన్నాడు. "చెయ్యి తిరగదు సార్" అని నోటితో చెప్పినవాడు, "డాక్టరేటు నీదా నాదా" అనిపించుకున్నవాడు, ఆ నోటితోనే లడ్డూ తిన్నాడు. ఛీ.

"నమస్తే అంకుల్." మైథిలి. చంకలో నీలం అట్ట పుస్తకం, అదే పుస్తకం, అక్టోబరు నుంచి క్వాలిటీ వాళ్ళ బీరువాలో తాళంలో ఉన్న పుస్తకం. క్వాలిటీ విభాగానికి ఈ పిల్లే పెద్ద. ఆర్.కె. పురం క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, వాళ్ళమ్మకి తాయారమ్మ ఏటా ఆవకాయ పట్టి ఇస్తుంది. తెలుగులో చెబితే అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. "చాయ్ పీ అంకుల్ ఆప్‌నే?" అని అడిగింది. "తాగానమ్మా" అన్నాడు, తాగలేదు. ఆ పిల్ల కళ్ళలో జాలి. ఆ జాలి చూడగానే కోపం మళ్ళీ బుస్సున లేచింది. ముసలాడు, మతిమరుపు, పాపం. రేపు ఆర్.కె. పురంలో వాళ్ళమ్మకి తెలుస్తుంది, వాళ్ళమ్మ తాయారమ్మతో అంటుంది, మీ ఆయనకి కొంచెం తేడాగా ఉందటగా వదినా అని. తాయారమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయినా ఇక అతని ఖాతాలోకే. అతను చెప్పే కథలన్నీ, ఓడ కథ, గొడుగు కథ, ఆకుపచ్చ గాజుల కథ, ఇన్నాళ్ళూ కోతలు అనేవారు, కోతలైతే గౌరవం, కోత కోయడానికి బుర్ర కావాలి. ఇక మీదట పిచ్చి ప్రేలాపన అంటారు. ఇది సంతకం కాదు, ఇన్నేళ్ళ మాటలన్నిటి మీదా నీళ్ళు పోయడం.

పుస్తకం లోపలికి వెళ్ళిపోయింది. ఆ పుస్తకం మార్జిన్లలో ఇంకో సంగతి ఉంది, అది ఎవరికీ తెలియదు. గాలిగూడు దగ్గర కుడిచెయ్యి కుళాయి మీద ఉంటుంది, చుక్క చుక్కగా వదలాలి, గంటన్నర కదలకూడదు. అంతసేపూ ఎడమ చెయ్యి ఖాళీ. ఖాళీ చెయ్యి ఊరుకుంటుందా? తొడుగు తీసేసి, పెన్ను అందుకుని, పేజీ వారన, చీమల బారులాంటి రాతలో, దాని పాత అలవాటు ప్రకారం కుడి నుంచి ఎడమకి, దాని మనసులో మాట రాసుకుంటుంది. చెయ్యి సిరాని తుడుచుకుంటూ పోదు అలా రాస్తే, ముందుకు పోతుంది. ఇవాళ ఐసు తక్కువ. క్యాంటీన్ పప్పులో పప్పు లేదు. పక్క గాలిగూడువాడు మళ్ళీ నా గరాటు ఎత్తుకుపోయాడు. తెలుగు, పైగా తిరగరాత. ఫరీదాబాద్‌లో దేవుడికి కూడా అర్థం కాదు. ఆడిట్‌కి వచ్చినవాళ్ళు పెన్ను పడుతోందో లేదో చూసుకున్న గీతలనుకున్నారు. మరి ఆ రోజు? ఆ రోజు రాశాడా? పిరిడిన్ సీసా పక్కన పెట్టేసింది గుర్తుంది, దాని మూత నీలం. సదాశివరావు బూట్ల చప్పుడు తలుపుదాకా వెళ్ళడం గుర్తుంది. కుళాయి తిప్పింది గుర్తుంది, పొగ తెల్లగా లేచింది, పై ఫ్యాను లాక్కుంది. ఆ తర్వాత ఎడమ చెయ్యి ఏం చేసింది? పిడికిలి బిగించి గంటన్నర ఊరుకుందా? ఊరుకుని ఉంటే సర్వం మునిగినట్టే. రాస్తే ఏం రాసింది? అంత కోపంలో అది మర్యాదగా రాసే రకం కాదు. చూడండి తమాషా, అన్నీ గుర్తున్నవాడికి ఇదొక్కటే గుర్తులేదు. కాగితంలో ఉన్నదే నిజమవుతోందా? చెమట పట్టింది నవంబరులో. ఇంకో భయం, ఆ పేజీ తెరిపించాడంటే టిక్కుల ఆచారం కూడా తెరుచుకుంటుంది, అందుకు శిక్ష ఉంటుంది, ఉండాల్సిందే. సంతకం పెట్టేస్తే పేజీ మూసే ఉంటుంది, మార్చి వచ్చేస్తుంది, కుడిచెయ్యి అప్పుడే చొక్కాజేబులో పెన్ను కోసం వెతుకుతోంది, పిరికిముండ, దీనికి చుక్కల గీత కనిపిస్తే చాలు. ఎడమ చేత్తో దాని మణికట్టు పట్టుకున్నాడు మాణిక్యం. గట్టిగా పట్టుకున్నాడు, కొబ్బరిపీచు తాడు పట్టినట్టు. కూర్చో అక్కడ, అంది ఎడమది. రెండేళ్ళు నన్ను కట్టించావు. ఒక్క గంట నువ్వు కూర్చో.

పదకొండూ ఇరవై అయిదుకే తలుపు తెరుచుకుంది. "ఆయియే అంకుల్," అంది మైథిలి.

బల్ల చివర డైరెక్టరు, హిందీ మనిషి, ఫోను చూసుకుంటున్నాడు. కుడిపక్క సదాశివరావు, కొత్తగా గీయించిన గడ్డం. ఎడమపక్క కుర్చీ మైథిలిది, ఎదురుగా నీలం పుస్తకం.

"సైన్ హో గయా?" అన్నాడు డైరెక్టరు తలెత్తకుండా.

"పుస్తకం ఒకసారి తెరవమ్మా," అన్నాడు మాణిక్యం మైథిలితో. "నలభై ఒకటో బ్యాచ్."

"అదెందుకు మాణిక్యం గారూ ఇప్పుడు? నిన్న మాట్లాడుకున్నాంగా," అన్నాడు సదాశివరావు, నెయ్యి కారే గొంతుతో.

"నిన్న మీరు మాట్లాడారు సార్. నేను తింటన్నా."

మైథిలి పేజీ తిప్పింది. పద్దెనిమిది టిక్కులు, ఒకే వాలు, ఒకే సిరా, డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్లా నిలబడ్డాయి. మాణిక్యం వాటి వంక చూడలేదు. మార్జిన్ చూశాడు. ఏడో గడికి ఎదురుగా మూడు వరసల చీమలబారు. ఎవరో దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి ప్రశ్నార్థకం పెట్టారు. రాసింది! రాసిందమ్మా నా తల్లి! చదివేశాడు, అతనికి అద్దం అక్కర్లేదు, చదివి ఒకసారి పెదవి కొరుక్కున్నాడు.

"ముందు ఒక సంగతి రాసుకోండి," అన్నాడు. "టిక్కులన్నీ పొద్దున్నే పెట్టా. పని చెయ్యకముందే. పాతికేళ్ళుగా అంతే. ఆ తప్పు నాది, దానికి ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడతా. మర్చిపోయాననేది మాత్రం నాది కాదు. పిరిడిన్ వెయ్యలా. వద్దన్నారని వెయ్యలా."

మైథిలి డైరెక్టరుకి హిందీలో చెప్పింది. డైరెక్టరు ఫోను బోర్లా పెట్టాడు.

"ఎవరు వద్దన్నారండీ? ఎప్పుడు?" సదాశివరావు నవ్వాడు. "చూశారా, ఇదే నేను చెప్పేది. పాపం ఏదో కలిపేసుకుంటున్నారు."

"మైథిలి గారూ, మీ ఫోన్లో మొహం చూసుకునే కెమెరా ఉంటదిగా. అది పెట్టి ఈ గీతల మీదకి తిప్పండి."

ఆ పిల్ల అనుమానంగానే తిప్పింది. తెర మీద చీమలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి, వరసలో నిలబడి, అక్షరాలయ్యాయి.

"ఓ గాడ్. తెలుగు!" అంది. "పర్ ముఝే పఢ్‌నా నహీ ఆతా అంకుల్. సున్‌కే సమఝ్ లేతీ హూ, బస్." చదవడం రాదట, వింటే అర్థమవుతుందట, అంతే.

"ఈ గదిలో చదవడం వచ్చినవాళ్ళం ఇద్దరం. ఒకడు రాసినవాడు, వాడు చదివితే చెల్లదు. సార్‌ని చదవమనండి."

ఫోను సదాశివరావు ముందుకి వెళ్ళింది. ఆయన చూశాడు. చూసి, "సరిగ్గా కనపడట్లేదు, అక్షరాలు మరీ చిన్నవి" అన్నాడు. మైథిలి రెండు వేళ్ళతో పెద్దవి చేసింది. "అబ్ భీ నహీ దిఖ్ రహా తో ఫోటో మమ్మీ కో భేజ్ దూ సర్? ఆర్.కె. పురం మే హై, దో మినిట్ మే పఢ్ దేగీ." ఇంకా కనపడకపోతే వాళ్ళమ్మకి పంపుతుందట, రెండు నిమిషాల్లో చదివి పెడుతుందట.

గదిలో ఏసీ అక్కర్లేదు, నవంబరు. అయినా సదాశివరావు మెడ మీద తడి మెరిసింది. ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"పదకొండూ ఇరవై. పిరిడిన్ వద్దన్నాడు రావు. చెయ్యి తిరగదని చెప్పా. వినలా."

మైథిలి పెన్ను కదులుతోంది. డైరెక్టరు సదాశివరావు మొహంలోకే చూస్తున్నాడు. మాణిక్యం ఒళ్ళో కాగితాన్ని ఎడమ చేత్తో ఉండ చుట్టి బల్ల మీద పెట్టాడు.

"మధ్యలో ఒక మాట వదిలేశారు సార్," అన్నాడు. "రావుకి ముందు. ఒకటి వదిలేస్తే ఏమవుద్దో ఆగస్టులో చూశాంగా."

"క్యా ఛూట్ గయా?" అన్నాడు డైరెక్టరు.

సదాశివరావు కళ్ళజోడు తీశాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. మాట అక్కడే ఉంది, గుండ్రంగా, తప్పు లేకుండా.

"దున్నపోతు," అని చదివాడు.